కొండవీడు బలుసాకు మీద నల్ల బూజు: ‘రాష్ట్రానికి కొత్త రికార్డు’ అని ఎప్పుడు అనొచ్చు?

గుంటూరులో ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది. అక్టోబరులో కొండవీడు కోట చూడటానికి వెళ్తే, దారి పక్కన బలుసు పొద ఆకుల మీద గుండ్రటి నల్లమచ్చలు కనిపించాయట. వేలితో తాకితే ముఖమల్ గుడ్డలా ఉన్నాయట. కాలేజీ మైక్రోస్కోపులో గోధుమరంగు స్పోర్లు (ఫంగస్‌కు విత్తనాల్లాంటివి), ఒక్కో స్పోరులో నాలుగేసి అడ్డుగోడలు కనిపించాయి. నెట్‌లో వెతికితే ఆంధ్రప్రదేశ్ నుంచి అలాంటిది దొరకలేదు. ‘ఇది రాష్ట్రానికి కొత్త రికార్డు అని పేపరు వేసేయొచ్చా? డీఎన్‌ఏ పరీక్ష చేయించాల్సిందేనా? మొక్కకు మందు కొట్టమని అటవీశాఖకు చెప్పాలా?’ అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. పేపరు వేయొచ్చు, కానీ ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన పోలికలు మెలియోలా వర్గపు నల్ల బూజుకు సరిపోతున్నాయి. అది మన రాష్ట్రానికి కొత్తది కావడానికి అవకాశం బాగానే ఉంది. అయితే మొక్క ఏదో ఖాయం కావాలి, కొలతలతో బొమ్మ ఉండాలి, ఆ ఆకు ఒక పేరున్న హెర్బేరియంలో (ఎండబెట్టిన నమూనాలు దాచే చోట) నంబరుతో భద్రమవ్వాలి. ఈ మూడూ లేనంతవరకు మీ దగ్గర ఉన్నది మంచి అనుమానం మాత్రమే. డీఎన్‌ఏ ఉంటే మంచిదే కానీ ఈ వర్గానికి అది తప్పనిసరి కాదు. మందు అసలు అక్కర్లేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఆకుల మీది ఫంగస్‌లే నా పని. రిటైరయ్యాక కూడా పిల్లలు ఆకులు తెచ్చి చూపిస్తూనే ఉంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కొత్తది దొరికే అవకాశం ఉందని ఎందుకన్నానంటే, ప్రపంచంలో ఫంగస్ జాతులు 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉండొచ్చని 2017లో ఒక అంచనా వచ్చింది. అప్పటికి పేరు పెట్టినవి సుమారు లక్షా ఇరవై వేలు. మన ప్రాంతం సంగతి చూస్తే మిరప, పత్తి, పసుపు, మినుము మీద వచ్చే తెగుళ్లను గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం దగ్గర్నుంచి రైతు దాకా అందరూ గమనిస్తారు, ఎందుకంటే అక్కడ డబ్బు పోతుంది. కొండపల్లి అడవిలో తెల్ల పొణికి ఆకు మీద ఏముందో, మంగళగిరి కొండ మీది ముళ్లపొద మీద ఏముందో చూసేవాళ్లు లేరు. మెలియోలాల మీద మన దేశంలో జరిగిన పని చాలావరకు పడమటి కనుమల్లోదే. కాబట్టి మన కొండల మీద రికార్డులు తక్కువగా ఉండటానికి, అక్కడ ఫంగస్‌లు లేకపోవడం కంటే చూసినవాళ్లు లేకపోవడమే ముఖ్య కారణమని నా నమ్మకం.

అలాగని తొందరపడకూడదు. మెలియోలాలు తేమ అడవులంటే ఇష్టపడతాయి. కొండవీడు లాంటి ఎండు కొండమీద అవి ఎక్కడపడితే అక్కడ ఉండవు. వానాకాలం చివర, చెరువుల పక్కన, నీడ పడే వాగుల వెంట వెతికితే దొరుకుతాయి. మీ మచ్చలు ఎలాంటి చోట ఉన్నాయో రాయలేదు. ఎండ తగిలే బండ మీది పొద అయితే నాకు కొంచెం అనుమానమే.

ముందు అది ఫంగసేనా, అందులో ఏ రకం అన్నది తేల్చుకోండి. ఆకు మీద నల్లగా కనిపించేవి చాలా ఉన్నాయి. నూజివీడు మామిడి తోటల్లో తేనెమంచు పురుగు విసర్జించే తీపి జిగురు మీద మసి తెగులు పెరుగుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు పొరలాగా లేచి వస్తుంది, కింద ఆకు పచ్చగానే ఉంటుంది. అది ఆకులోకి వేళ్లు దించదు, జిగురు తిని బతుకుతుంది. మెలియోలా అలా కాదు. ఆకు పైపొర కణాల్లోకి సన్నటి కాళ్లు దించి ఆహారం పీలుస్తుంది. తుడిస్తే పోదు, గీకితే ఆకు పైపొర కూడా లేస్తుంది. ఈ చిన్న పరీక్షతోనే సగం గందరగోళం తీరిపోతుంది.

ఫంగస్ కానేకానివి కూడా ఉంటాయి. కానుగ ఆకుల మీద పులిపిర్లలాగా లేచిన బుడిపెలను ‘కొత్త ఫంగస్’ అని నాకు తెచ్చి చూపించినవాళ్లు చాలామంది. అవి కంటికి కనిపించనంత చిన్న నల్లి చేసే బుడిపెలు. బుడిపెను బ్లేడుతో కోసి చూస్తే లోపల నల్లులే కనిపిస్తాయి. ఆసక్తి ఉంటే అదే కానుగ మీద తుప్పు తెగులు కూడా వెతకండి. రావెనీలియా అనే తుప్పు ఫంగస్ కానుగ, తుమ్మ వంటి చెట్ల మీద ఉంటుంది. దాని టీలియోస్పోర్లు అనే ఒక రకం స్పోర్లు గుత్తులుగా కలిసి గుండ్రటి తల కట్టుకుని ఉంటాయి. మైక్రోస్కోపులో మొదటిసారి అది చూసినవాళ్లు వెంటనే కళ్లు తిప్పుకోలేరు.

ఇక మీ స్లైడు. నాలుగు అడ్డుగోడల గోధుమ స్పోరు ఒక్కటే చూసి మెలియోలా అనడం కుదరదు. ఆ వర్గంలో దగ్గరి చుట్టాలు కొన్ని ఉన్నాయి. తీగల (ఆకు మీద పాకే ఫంగస్ దారాల) మీద ముదురు రంగు నిటారు వెంట్రుకలు ఉంటే అది మెలియోలా. వెంట్రుకలు అసలు లేకపోతే ఆస్టెరిడియెల్లా. వెంట్రుకలు తీగల మీద కాక స్పోర్లు పుట్టే గుండ్రటి పండుగుల్ల మీదే ఉంటే ఐరెనాప్సిస్. గుల్ల మీద పురుగుల్లాంటి మెత్తటి తోకలుంటే అపెండిక్యులెల్లా. గుల్ల చదునుగా, గొడుగు విప్పినట్టు ఉంటే అమెజోనియా. వీటితోపాటు తీగ పక్కల పుట్టే రెండు కణాల బుడిపెలు చూడాలి. ఆకులోకి కాలు దించేది అక్కడి నుంచే. ఆ బుడిపెలు తీగకు రెండు పక్కలా ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్నాయా, పై కణం గుండ్రంగా ఉందా, అంచులు తెగినట్టు ఉందా అని గీసి పెట్టండి. సీసా ఆకారంలో ఉండే ఒంటికణం బుడిపెలు కూడా ఉంటాయి, అవి వేరుగా గీయాలి. ఈ లక్షణాలను, స్పోరు కొలతలను కలిపి ఎనిమిది అంకెల్లో రాసే బీలి ఫార్ములా అనేదొకటుంది. మెలియోలాల మీద పనిచేసేవాళ్లందరూ దాన్ని వాడతారు. మీరూ రాయడం నేర్చుకోండి.

ఇక్కడే పిల్లలు ఎక్కువగా బోల్తా పడేది. నల్ల బూజు మీద ఇంకో ఫంగస్ బతుకుతుంటుంది. మెలియోలా మచ్చల మీద స్పైరోపీస్ లాంటివి పరాన్నజీవులుగా పెరుగుతాయి. వాటి స్పోర్లు కూడా గోధుమరంగే, అడ్డుగోడలూ ఉంటాయి. గీకి స్లైడు చేస్తే రెండింటి స్పోర్లూ కలిసిపోతాయి. ఒకదాని తీగకు ఇంకొకదాని స్పోరు అంటగట్టి ‘కొత్త జాతి’ అని రాసిన వ్యాసం ఒకటి అచ్చుకు వెళ్లే ముందు నా దగ్గరికి వచ్చింది. స్పోరు గుల్లలోంచి బయటికి వస్తూ కనిపించాలి, లేదా మొలకెత్తి అదే రకం బుడిపెను పుట్టించాలి. అప్పుడే అది ఆ ఫంగస్‌ది. విడిగా తేలే స్పోరును లెక్కలోకి తీసుకోవద్దు.

అందుకే గీకడం మానేసి గోళ్లరంగు పద్ధతి వాడండి. రంగులేని నెయిల్ పాలిష్‌ను ఎండిన ఆకు మచ్చ మీద పల్చగా పూసి, అరగంట ఆరనిచ్చి, ఆ పొరను నెమ్మదిగా లేపితే ఫంగస్ మొత్తం చెక్కుచెదరకుండా వచ్చేస్తుంది. దాన్ని స్లైడు మీద డీపీఎక్స్ (స్లైడును అంటించే జిగురు) చుక్కలో పెట్టి కవర్‌స్లిప్ వేస్తే ఏళ్లతరబడి నిలుస్తుంది. ఎవరు అడిగినా చూపించవచ్చు. కొలతలకు ముందు మీ ఐపీస్‌లోని (కన్ను పెట్టి చూసే కటకంలోని) గీతలను స్టేజ్ మైక్రోమీటర్ అనే కొలత గీతల స్లైడుతో సరిచూసుకోండి. అందులో ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసి ఉంటారు, అంటే ఒక్కో గడి 10 మైక్రాన్లు. పక్క ల్యాబ్‌లో ఎవరో ఇచ్చిన లెక్క మీ మైక్రోస్కోపుకు పనికిరాదు. కనీసం ముప్పై స్పోర్లు కొలవండి. అన్నీ ముదిరినవే ఉండాలి, లేతవి కలిపితే సగటు పాడవుతుంది.

ఇప్పుడు మొక్క సంగతి. నా అనుభవంలో రికార్డులు ఎక్కువగా ఇక్కడే చెడతాయి. బతికుంటే బలుసాకు తినొచ్చని మనందరం అంటాం కానీ, బలుసు చూపించమంటే నలుగురు నాలుగు పొదలు చూపిస్తారు. చిన్న బలుసు ముళ్లపొద, నల్ల బలుసుకు ముళ్లు ఉండవు, ఆకు దళసరిగా మెరుస్తుంది. ఈ రెండూ ఇప్పుడు వృక్షశాస్త్రంలో వేర్వేరు ప్రజాతులు. మంగ చెట్టుకూ ముళ్లుంటాయి, అదీ ఇదే రూబియేసి కుటుంబం. ఆకు ఒక్కటే పట్టుకుని తేల్చలేరు. ఎదురెదురు ఆకులు, రెండు తొడిమల మధ్య చిన్న పొలుసు ఉంటే రూబియేసి అని ధైర్యంగా అనొచ్చు. ఆపైన జాతి తేలాలంటే పువ్వో కాయో ఉండాలి.

ఇంత పట్టు ఎందుకంటే, మెలియోలాలను గుర్తించే పట్టికలన్నీ మొక్క కుటుంబాన్ని బట్టే ఉంటాయి. కుటుంబం తప్పితే మొత్తం తప్పు పట్టికలో వెతుకుతారు, అక్కడ ఏదీ సరిపోదు. సరిపోకపోయేసరికి ‘కొత్త జాతి’ అన్న సంబరం మొదలవుతుంది. కాబట్టి పొదకు గుర్తు కట్టి, పూత కాలంలో మళ్లీ వెళ్లి కొమ్మ తెచ్చి, మొక్కల వర్గీకరణ తెలిసిన మీ అధ్యాపకులతో పేరు రాయించుకోండి. ఫంగస్ ఉన్న ఆకుతోపాటు మొక్క కొమ్మ కూడా హెర్బేరియం షీటుగా భద్రపరచాలి.

‘రాష్ట్రానికి కొత్త’ అనే మాట విషయంలో మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. దీని గురించి ఎవరూ హెచ్చరించరు కాబట్టి చెబుతున్నాను. గుంటూరు, కృష్ణా జిల్లాలు 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. అంతకుముందు సేకరించినవి పాత జాబితాల్లో ‘మద్రాస్’ కింద నమోదై ఉంటాయి. అది చెన్నపట్నం ఊరు కావచ్చు, గుంటూరూ కావచ్చు. మరోవైపు 1956 నుంచి 2014 దాకా ‘ఆంధ్రప్రదేశ్’ అని రాసినవాటిలో హైదరాబాదు, వరంగల్ సేకరణలు చాలా ఉంటాయి, అవి ఇప్పుడు తెలంగాణ. ఈ లెక్కన ఉన్న రికార్డు లేనట్టు కనిపించొచ్చు, లేని రికార్డు ఉన్నట్టు కనిపించొచ్చు. ఊరి పేరు దాకా వెళ్లి చూడాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక కొండవీడు పల్నాడు జిల్లాలోకి, కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. మీ లేబుల్ మీద జిల్లాతోపాటు ఊరు, అక్షాంశం, రేఖాంశం, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ రాయండి. సరిహద్దులు మళ్లీ మారినా ఆ అంకెలు మారవు.

వెతకడంలో ఇంకో మెలిక ఫంగస్ పేర్లు మారుతుండటం. మన మిరప కాయకుళ్లు ఫంగస్‌నే తీసుకోండి. 1913లో కోయంబత్తూరు మిరప మీద వర్మిక్యులేరియా క్యాప్సిసి అని వర్ణించారు. 1931లో కొల్లెటోట్రైకమ్ క్యాప్సిసి అయింది. మనలో చాలామంది చదువుకున్నది ఆ పేరే. 2009లో దాన్ని కొల్లెటోట్రైకమ్ ట్రంకేటమ్‌లో కలిపేశారు. కొత్త పేరు ఒక్కటే కొట్టి వెతికినవారికి గుంటూరు మిరప మీద జరిగిన పాత పనంతా కనిపించదు. ముందు ఆన్‌లైన్‌లో ఫంగస్ పేర్ల జాబితాలైన మైకోబ్యాంక్‌లో గానీ, ఇండెక్స్ ఫంగోరంలో గానీ మీ ఫంగస్ పాత పేర్లన్నీ రాసుకుని, ప్రతి పేరుతోనూ వెతకండి. అది కూడా నెట్‌తో సరిపెట్టొద్దు. మన దేశపు ఫంగస్ జాబితాలు 1931 నుంచి పుస్తకాలుగా వచ్చాయి, తర్వాత వాటికి పొడిగింపులు వచ్చాయి. వాటిలో చాలా సమాచారం గూగుల్‌కు అందదు. విశ్వవిద్యాలయ లైబ్రరీలో కూర్చోవాల్సిందే.

గుర్రపుడెక్క గురించి కూడా ఇక్కడే చెప్పాలి. విజయవాడ కాలువల్లోని గుర్రపుడెక్క ఆకు మచ్చల నుంచి ఆల్టర్నేరియా అనే ఫంగస్ పెరిగిందని, ఇది కొత్తదని ఒక కుర్రాడు ఎంతో ఉత్సాహంగా వచ్చాడు. ఆల్టర్నేరియా ఐకార్నియే అనే జాతిని మన దేశంలోనే 1970లో వర్ణించారు. ఆ సంగతి తెలిశాక కూడా అతని పని వృథా కాలేదు. మన కాలువల్లో అది ఏ నెలల్లో ఉధృతంగా ఉంటుందో రాసి పెట్టాడు. అలాంటి సమాచారం రికార్డు కంటే తక్కువదేమీ కాదు.

నమూనా భద్రపరచడం: ఆకులను ఆ రోజే న్యూస్‌పేపరు మడతల్లో పెట్టి నొక్కండి. మన తేమకు పేపరు రోజూ మార్చాలి, లేకపోతే ఆస్పర్జిల్లస్ అనే బూజు పట్టి మొత్తం పాడవుతుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంటికి తేవడం అస్సలు వద్దు. బాగా ఎండాక పురుగు చచ్చేలా కొన్నాళ్లు డీప్ ఫ్రీజర్లో ఉంచి, కాగితం కవర్లలో పెట్టండి. ఒక భాగం మీ కాలేజీలో ఉంచుకుని, ఇంకో భాగాన్ని పుణేలోని అఘార్కర్ పరిశోధన సంస్థలో ఉన్న అజ్రేకర్ మైకలాజికల్ హెర్బేరియానికో, ఢిల్లీలో భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలోని హెర్బేరియానికో పంపి నంబరు తెచ్చుకోండి. ఆ నంబరు లేని పేపరును నేనైతే నమ్మను. రేపు ఎవరైనా ‘మీరు చూసింది అది కాదు’ అంటే తీసి చూపించడానికి ఆకు ఉండాలి కదా. డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికలు మీ పేరు అచ్చేస్తాయి తప్ప మీ స్లైడు చూడవు, వాటి జోలికి పోకండి.

ఇక డీఎన్‌ఏ. 2012 నుంచి ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని ఫంగస్‌లన్నిటికీ బార్‌కోడ్‌గా (జాతిని గుర్తుపట్టే ముద్రగా) ఒప్పుకున్నారు. అందుకే అందరూ ముందు దాన్నే చేయిస్తారు. కానీ మెలియోలా, తుప్పు, బూడిద తెగులు ఫంగస్‌లు బతికున్న మొక్క మీదే పెరుగుతాయి. మనం మామూలుగా వాడే బంగాళాదుంప అగార్ (ల్యాబ్‌లో ఫంగస్ పెంచే మేత) మీద అవి పెరగవు. మీ మచ్చను అగార్ మీద పెడితే పెరిగేది పక్కనున్న వేరే ఫంగస్, అంటే ఏ క్లాడోస్పోరియమో, ఆల్టర్నేరియానో. ఆ పెరిగినదాని డీఎన్‌ఏ చేయించి ‘బలుసు మీద కొత్త ఫంగస్’ అని రాస్తే అంతకంటే ఘోరం లేదు. డీఎన్‌ఏ నేరుగా మచ్చ నుంచి తీయాలి, అప్పుడు కూడా పైన చెప్పిన పరాన్నజీవి ఫంగస్ డీఎన్‌ఏ కలిసే ప్రమాదం ఉంది. బాగా చేసే ల్యాబ్ తోడుంటేనే దిగండి.

అగార్ మీద చక్కగా పెరిగేవాటికి కూడా ఐటీఎస్ ఒక్కటీ చాలదు. మిరప కాయ మీది కొల్లెటోట్రైకమ్‌లలో సియామెన్స్, ఫ్రక్టికోలా లాంటి జాతులు ఐటీఎస్‌లో విడిపోవు. జీఏపీడీహెచ్, బీటా ట్యూబ్యులిన్ లాంటి జన్యువులు కూడా చూడాలి. జెన్‌బ్యాంక్ అనే డీఎన్‌ఏ సీక్వెన్స్‌ల ఆన్‌లైన్ భండారంలో వంద శాతం కలిసిందని మీరు పండగ చేసుకునే లోపు, అక్కడున్న సీక్వెన్స్‌కు పేరు పెట్టినవారు ఏ నమూనా చూసి పెట్టారో అడగండి. తప్పు పేర్లతో ఉన్నవి అక్కడ కొల్లలు.

ఒకవేళ అన్నీ చూశాక మీది ఏ పాత జాతికీ సరిపోకపోతే, అది కొత్త జాతి కావచ్చు. అప్పుడు నియమాలు ఇంకా గట్టివి. 2012 నుంచి వర్ణన లాటిన్‌లోనే ఉండాలన్న పట్టు పోయింది, ఇంగ్లిషులో రాయొచ్చు. 2013 జనవరి 1 నుంచి మాత్రం మైకోబ్యాంక్ లాంటి చోట పేరు నమోదు చేసి నంబరు తెచ్చుకోకపోతే ఆ పేరు చెల్లదు. అక్కడిదాకా వస్తే ఒంటరిగా చేయొద్దు, ఆ వర్గం మీద పనిచేసినవారిని కలుపుకోండి.

మందు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. వద్దు. అడవి పొద మీద నల్ల బూజు ఆకు కొంచెం పాలిపోయేలా చేస్తుంది తప్ప పొదను చంపదు. ఆ మొక్కా, ఈ బూజూ ఎంతో కాలంగా కలిసే ఉన్నాయి. పంట మీదకు వస్తుందన్న భయం కూడా అక్కర్లేదు. ఈ వర్గంలో చాలావాటికి తమకు తెలిసిన మొక్కలే కావాలి, మిరప చేలో అవి బతకవు. ఫంగస్ పేరు వినగానే మందు డబ్బా వెతకడం మనకు పంటల నుంచి వచ్చిన అలవాటు. వేపచెట్ల కొమ్మలు ఎండినప్పుడు అందరం ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుంది. అక్కడ కారణాల్లో ఫోమాప్సిస్ అజాడిరాక్టే లాంటి ఫంగస్ ఉంది, ఆ కంగారుకు అర్థం ఉంది. బలుసు పొదకు అలాంటి ప్రమాదం లేదు.

మీరు వెళ్లిన చోటు రిజర్వు ఫారెస్టు పరిధిలో ఉంటే ఆకు తెంపడానికీ అటవీశాఖ అనుమతి కావాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద దరఖాస్తు పెట్టండి. అనుమతి కాగితం నకలు హెర్బేరియానికి పంపేటప్పుడు కూడా పనికొస్తుంది. మంచు కురిసే నవంబరు నుంచి జనవరి దాకా మళ్లీ వెళ్తే నల్ల బూజుతోపాటు బూడిద తెగుళ్లు, తుప్పులు కూడా దొరుకుతాయి. మేలో వెళ్తే ఎండిన పుల్లల మీది నల్లగుల్లలు తప్ప ఆకుల మీద పెద్దగా ఏమీ ఉండదు.

నెయిల్ పాలిష్ స్లైడు తయారయ్యాక, స్కేలు గీతతో సహా మూడు ఫొటోలు పెట్టండి. తీగ పక్కన రెండు కణాల బుడిపెలు ఒకటి, వెంట్రుకల కొనలు ఒకటి, గుల్లలోంచి బయటికి వస్తున్న స్పోర్లు ఒకటి. వెంట్రుక కొన సూటిగా ఉందా, చీలి ఉందా అన్నది స్పష్టంగా కనిపించాలి. రూబియేసి మీది మెలియోలాలను విడదీయడంలో మొదట చూడాల్సినవాటిలో అదొకటి.